ఆందోళనకు కొలత ఉందా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కోటప్పకొండ తిరునాళ్ళకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. శివరాత్రినాడు ఆ ప్రభల వెలుగులో, ఆ జనంలో పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడుస్తున్నారనుకోండి. గాజుల కొట్టు దగ్గర బేరమాడి, డబ్బులు తీసి ఇచ్చి చూసుకునేసరికి పక్కన పిల్లవాడు లేడు. అప్పుడు మీకు ఎట్లా ఉంటుంది? గుండె దడదడా కొట్టుకుంటుంది. నోరు పిడచకట్టుకుపోతుంది. అరచేతులు చెమర్చి చల్లబడతాయి. పొద్దుటినుంచీ పీకుతున్న కాళ్ళనొప్పులు ఎటు పోయాయో తెలియదు, పరుగు దానంతటదే వస్తుంది. పది నిమిషాలకు వాడు బొమ్మల కొట్టు ముందు నిక్షేపంలా దొరుకుతాడు. వీపున ఒక్కటి వేసి, ఆనక కావలించుకుని ఏడుస్తాం. పిల్లవాడు దొరికాడు గాని, మన ఒళ్ళు మాత్రం ఇల్లు చేరేదాకా కుదుటపడదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టదు.

ఆ గుండె దడ వెనకాలా, ఆ తర్వాతి అలజడి వెనకాలా మన రక్తంలో తిరిగే రెండు హార్మోనులు ఉన్నాయి. ఒకటి అడ్రినలిన్, రెండోది కార్టిసాల్. ఈ రెండింటినీ కొలవటానికి వీలుంది. షుగరు మిషనులాగా ఒక చుక్క రక్తంతో, చిన్న విద్యుత్ ప్రవాహం సాయంతో కొలవటానికి శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళుగా పాటుపడుతున్నారు. ఆ కొలత ఎట్లా జరుగుతుంది, అది మనకు ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు అన్నదే ఈనాటి విషయం.

ఆడవాళ్ళ కార్యక్రమంలో ఈ రసాయనశాస్త్రం గొడవ ఏమిటీ అనుకోకండి. దీని వెనక ఒక కథ ఉంది. నరసరావుపేటలో మా వీధిలోనే ఒక ఇల్లాలు ఉంది. పేరెందుకు లెండి. మామగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ఆయనకు అన్నీ మంచం మీదే. ఇద్దరు పిల్లలకు పరీక్షలు. రాత్రి నాలుగు గంటల నిద్ర ఉంటే గొప్ప. ఆ అమ్మాయికి తలనొప్పి, చీటికీ మాటికీ కళ్ళనీళ్ళు, చేతిలో గిన్నె జారిపోవటం. ఎవరో చెబితే ఒక ల్యాబులో ప్యాకేజీ పరీక్షలు చేయించుకుంది. అందులో స్ట్రెస్ హార్మోను అని ఒకటి ఉంది. ఇంటి పని అంతా తెముల్చుకుని పన్నెండింటికి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అంకె హద్దుల్లోనే ఉంది, నార్మల్ అని రాశారు. ఇంట్లో వాళ్ళు, "చూశావా, నీకేమీ లేదు. అంతా నీ ఆలోచనే" అన్నారు.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని కాబట్టి ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కయ్యా, నాది జబ్బా, నటనా? ఈ కాగితం చూసి నువ్వు చెప్పు" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను ఆమెకు ఏం చెప్పానో చివర చెబుతాను. ముందు ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

మన రెండు మూత్రపిండాల మీదా చిన్న టోపీల్లాగా రెండు గ్రంథులు ఉంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించదు. ఆ గ్రంథి లోపలి భాగం అడ్రినలిన్‌ని వదులుతుంది. పల్నాటి కథలో కోడిపోరు మీకు తెలుసు. పుంజు పోట్లాటకు దిగేముందు మెడ మీద ఈకలు నిక్కబొడుచుకుంటాయి చూడండి, అట్లా ఒంటిని ఒక్క క్షణంలో సిద్ధం చేసేది ఈ అడ్రినలినే. సెకన్లలో వస్తుంది, రెండు మూడు నిమిషాల్లోనే రక్తంలో సగానికి తగ్గిపోతుంది. దీన్ని 1901లో అమెరికాలో పనిచేస్తున్న తకమీనె అనే జపాను శాస్త్రజ్ఞుడు శుద్ధమైన స్ఫటికాల రూపంలో వేరుచేశాడు.

గ్రంథి పైపొర వదిలేది కార్టిసాల్. ఇది అంత తొందరపడదు. మెదడులోంచి ఆజ్ఞ బయలుదేరి, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరి, అక్కడినుంచి ఇంకొక హార్మోను రక్తంలోకి వచ్చి, అది పోయి అడ్రినల్ గ్రంథిని తట్టి లేపితే అప్పుడు కార్టిసాల్ పుడుతుంది. బెదురు పుట్టిన ఇరవై ముప్పై నిమిషాలకు అది రక్తంలో బాగా పెరుగుతుంది. పిల్లవాడు దొరికిన తర్వాత కూడా మన ఒళ్ళు స్థిమితపడకపోవటానికి ఇదొక కారణం. కష్టకాలంలో ఒంటికి కావలసిన చక్కెరను సమకూర్చటం, రక్తపోటు పడిపోకుండా చూడటం, వాపులను అణచటం దీని పనులు. కాబట్టి కార్టిసాల్ మన శత్రువు కాదు. అది లేకపోతే మనిషి బతకడు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు, చలిగాని, దెబ్బగాని, విషంగాని, ఏ బాధ పెట్టినా ఎలుకల ఒంట్లో దాదాపు ఒకే తీరు మార్పులు వస్తున్నాయనీ, ఈ గ్రంథులు పెద్దవవుతున్నాయనీ గమనించి ప్రకటించాడు. ఇవాళ మనం మాటకు ముందు వాడే స్ట్రెస్ అన్న మాట అట్లా వైద్యంలో పాతుకుపోయింది.

సరే, మరి కొలవటం ఎట్లా? అసలు చిక్కు అక్కడే ఉంది. ఎందుకంటే ఇది రక్తంలో ఉండేది బహు కొద్ది. వేసవిలో మన మాచర్ల వైపు పల్లెలకు నీళ్ళు తెచ్చే ట్యాంకరు లారీ మనకు కొత్త కాదు. పదివేల లీటర్ల ట్యాంకరు అనుకోండి. మన రక్తంలో పరగడుపున ఉండే చక్కెర పాళ్ళలో ఆ ట్యాంకరులో పంచదార కలపాలంటే పది కిలోలు కావాలి. కార్టిసాల్ పాళ్ళలో కలపాలంటే ఒక్క గ్రాము చాలు. ఇక అడ్రినలిన్ అయితే, నిమ్మళంగా కూర్చున్న మనిషి రక్తం లెక్కన అర మిల్లీగ్రాము కూడా అక్కర్లేదు. ట్యాంకరు నీళ్ళలో కలిపిన ఆ గ్రామునూ, ఆ అర మిల్లీగ్రామునూ ఒక్క గరిటెడు నీళ్ళు తీసి చూసి ఎంత ఉందో చెప్పాలి. ఇదీ పరీక్ష.

రక్తంలో ఉన్న పదార్థాలను కొలిచే విద్యలో మన తెలుగువాడికి గొప్ప చోటు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, 1925లో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మందు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఉన్నట్టు. ఆ పద్ధతిని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా పాఠాల్లో చదువుకుంది. కాని భాస్వరం మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది కాబట్టి రంగు చూసి పట్టుకోవచ్చు. అంతకంటే వందల, వేల రెట్లు తక్కువగా ఉండే హార్మోనులకు ఇంకో ఉపాయం కావలసి వచ్చింది.

ఆ ఉపాయం చూపినది ఒక మహిళ. అమెరికాలో రోజలిన్ యాలో గారూ, ఆమె సహచరుడు బెర్సన్ గారూ 1960 ప్రాంతాల్లో ఇన్సులిన్‌ని కొలవటానికి ఒక కొత్త పద్ధతి తెచ్చారు. దానికి 1977లో యాలో గారికి నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యశాస్త్రంలో ఆ బహుమతి పొందిన రెండవ మహిళ ఆమె. ఆ పద్ధతి మనకు అర్థం కావాలంటే బస్సు ఎక్కితే చాలు.

నరసరావుపేటనుంచి మాచర్ల పోయే బస్సులో యాభై సీట్లు ఉన్నాయనుకోండి. ఎర్ర రుమాలు కట్టిన మనుషులను యాభైమందిని మనమే పంపాం. ఇంకెవరూ రాకపోతే సీట్లన్నీ ఎర్ర రుమాళ్ళతో నిండుతాయి. రుమాలు లేనివాళ్ళు కూడా వచ్చి తోసుకుని ఎక్కితే, ఎంతమంది వాళ్ళు కూర్చుంటే అంతమంది ఎర్ర రుమాళ్ళవాళ్ళు కిందే నిలబడిపోతారు. చివరికి సీట్లలో ఎర్ర రుమాళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, రుమాలు లేనివాళ్ళు ఎంతమంది వచ్చారో తెలిసిపోతుంది. ఇక్కడ సీట్లంటే యాంటీబాడీలు. ఒక్కొక్క యాంటీబాడీ తనకు సరిపడే పదార్థాన్నే పట్టుకుంటుంది, పక్కదాన్ని దాదాపుగా ముట్టుకోదు. రుమాలు లేనివాళ్ళు మన రక్తంలోని హార్మోను. ఎర్ర రుమాళ్ళు అంటే మనం గుర్తుపెట్టి కలిపిన అదే హార్మోను. యాలో గారు ఆ గుర్తుకు రేడియో ధార్మిక పదార్థం వాడారు. ఇవాళ పెద్ద ల్యాబుల్లో ఎక్కువగా వెలుగునిచ్చే రసాయనాలు వాడుతున్నారు. కార్టిసాల్‌నీ ఈ తీరులోనే కొలుస్తున్నారు.

మరి షుగరు మిషను? దాని కథ వేరు. 1962లో లీలాండ్ క్లార్క్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, చక్కెరను మాత్రమే ముట్టుకునే ఒక ఎంజైమును ఎలక్ట్రోడు ముందు పెట్టి కొలవవచ్చునని చూపించాడు. ఎలక్ట్రోడంటే విద్యుత్తు ఇచ్చిపుచ్చుకునే చిన్న లోహపు ముక్కో, బొగ్గు ముక్కో అనుకోండి. ఎంజైము చక్కెరను మార్చేటప్పుడు ఎలక్ట్రానులు చేతులు మారతాయి. ఆ ఎలక్ట్రానులను ఎలక్ట్రోడు దాకా చేరిస్తే సన్నని విద్యుత్ ప్రవాహం పుడుతుంది. చక్కెర ఎక్కువైతే ప్రవాహం ఎక్కువ. 1975లో ఈ సూత్రంతో చేసిన యంత్రం ల్యాబులకు వచ్చింది. 1987 నాటికి కలమంత పరికరం చేతికి వచ్చింది. ఇవాళ మనం పెద్దవాళ్ళకు వేలు గుచ్చి చూసే స్ట్రిప్పు దాని మనవరాలే. జీవుల్లో ఉండే పదార్థంతో గుర్తుపట్టి, విద్యుత్తుతో కొలిచే ఇలాంటి పరికరానికి ఎలక్ట్రో కెమికల్ బయోసెన్సర్ అని పేరు.

అయితే కార్టిసాల్‌కు ఇంత సులువు దొరకలేదు. చక్కెరకు దొరికినంత మంచి ఎంజైము దానికి లేదు. తనంతట తానుగా ఎలక్ట్రోడుకు ఎలక్ట్రానులు ఇచ్చే గుణమూ దానికి తక్కువ. అందుకని శాస్త్రజ్ఞులు యాలో గారి బస్సునూ, క్లార్క్ గారి విద్యుత్తునూ కలిపారు. పలచని బంగారు పూత మీదో, బొగ్గు పూత మీదో యాంటీబాడీలను అతికిస్తారు. అంటే సీట్లను ఎలక్ట్రోడు మీదే బిగించినట్టు. ఎర్ర రుమాలుకు బదులు, విద్యుత్ ప్రవాహం పుట్టించే ఎంజైమును గుర్తుగా కడతారు. ప్రవాహం తక్కువ వస్తే ఎర్ర రుమాళ్ళకు సీట్లు దొరకలేదన్నమాట, అంటే రక్తంలో కార్టిసాల్ ఎక్కువ ఉన్నదన్నమాట. ఇంకో పద్ధతి కూడా ఉంది. సీట్లలో ఎవరైనా కూర్చుంటే ఎలక్ట్రోడు ముఖం మూసుకుపోయి విద్యుత్తుకు దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకునే కొలుస్తారు. యాంటీబాడీలు త్వరగా పాడవుతాయని, వాటి బదులు ప్లాస్టిక్కు లాంటి పదార్థంలో కార్టిసాల్ ఆకారానికి అచ్చు తీసి వాడేవారూ ఉన్నారు. మైనంలో ఉంగరం ఒత్తి తీస్తే గుంట పడుతుంది కదా, ఆ గుంటలో మళ్ళీ ఆ ఉంగరమే అమరుతుంది. అట్లాగన్నమాట.

అడ్రినలిన్ ఇందుకు తిరగబడి ఉంటుంది. అదీ, మెదడులో ఉండే దాని దాయాది డోపమైనూ, బొగ్గు ఎలక్ట్రోడుకు తమంతట తామే ఎలక్ట్రానులు ఇచ్చేస్తాయి. కాని మన నిమ్మకాయల్లో, ఉసిరికాయల్లో ఉండే సి విటమినూ అదే పని, దాదాపు అదే ఓల్టేజి దగ్గర చేస్తుంది. రక్తంలో అడ్రినలిన్ కంటే సి విటమిను లక్ష రెట్లకు పైగా ఎక్కువ. తిరునాళ్ళ జనంలో మన పిల్లవాడి గొంతు వినపడటం ఎంత కష్టమో అంత కష్టం ఇది. ఆ ఇద్దరి గొంతులనూ విడదీయటానికి ఎలక్ట్రోడు మీద రకరకాల పూతలు వేసి చూస్తారు. ఇదేదో పై దేశాల్లోనే జరిగే పని కాదు. మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో డోపమైన్ లాంటి పదార్థాలను బొగ్గు ఎలక్ట్రోడులతో కొలవటం మీద పరిశోధనలు చేసి ప్రకటించారు.

ఇంత పని జరిగినా, షుగరు మిషనులాగా వేలు గుచ్చి నమ్మకంగా కార్టిసాల్ చూసుకునే పరికరం ఇంకా మన ఇళ్ళలోకి రాలేదు. కారణాలు మూడు చెబుతాను.

మొదటిది, రక్తం నీళ్ళలాంటిది కాదు. పాలు కాచిన గిన్నె అడుగున ఎట్లా పట్టుకుంటాయో, రక్తంలోని ప్రోటీనులు ఎలక్ట్రోడు మీద అట్లా పేరుకుంటాయి. శుభ్రమైన ద్రావణంలో చక్కగా పనిచేసిన సెన్సరు అసలు రక్తంలో తడబడుతుంది.

రెండోది, రక్తంలో ఉన్న కార్టిసాల్ అంతా పనిచేసేది కాదు. నూటికి తొంభై పాళ్ళకు పైగా ప్రోటీనులకు అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉన్న ఐదారు పాళ్ళే పనిచేసేది. గర్భవతులకూ, గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ ఆ అంటుకునే ప్రోటీను పెరుగుతుంది. అప్పుడు మొత్తం అంకె పెరిగి కనిపిస్తుంది గాని, దాన్ని బట్టి ఒంట్లో ఏదో మునిగిపోయిందని కాదు. లాలాజలంలోకి వచ్చేది విడిగా ఉన్న కార్టిసాలే కాబట్టి కొన్ని పరీక్షలకు డాక్టర్లు రాత్రిపూట లాలాజలం అడుగుతారు. చెమటలోంచి కొలిచే పట్టీల మీద కూడా పరిశోధన జరుగుతున్నది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, వేళ. కార్టిసాల్ రోజంతా ఒక్క తీరున ఉండదు. తెల్లవారుజామున పెరుగుతుంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంట దాకా ఇంకా ఎగబాకుతుంది. ఆ తర్వాత దిగుతూ దిగుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. పొద్దున్న ఎనిమిదింటికి తీసిన రక్తానికి వంద మిల్లీలీటర్లకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాముల దాకా హద్దుగా చూస్తారు. ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. సాయంత్రానికి అందులో సగమో, ఇంకా తక్కువో. పొద్దున నార్మల్ అయిన అంకె అర్ధరాత్రి కనిపిస్తే అది జబ్బుకు గుర్తు కావచ్చు. సూది చూస్తేనే భయపడే మనిషికి ఆ భయానికే కొంత పెరుగుతుంది. రాత్రి డ్యూటీలు చేసేవారికి లెక్కే మారిపోతుంది.

ఇప్పుడు మా వీధి అమ్మాయి కాగితం దగ్గరకు వద్దాం. పన్నెండింటికి ఇచ్చిన రక్తం. ఏ వేళ తీశారో రిపోర్టులో రాయలేదు. పక్కన వేసిన హద్దులు మాత్రం పొద్దుటివి. ఆ వేళకు ఆ అంకె ఎక్కువో తక్కువో చెప్పటానికే లేదు. పోనీ, అన్నీ సరిగా చేసినా ఏం తేలుతుంది? ఏళ్ళ తరబడి అలసిపోయినవాళ్ళలో కొందరికి కార్టిసాల్ ఎక్కువుంటుంది, కొందరికి మామూలుగా ఉంటుంది, కొందరికి తక్కువ కూడా ఉంటుంది. ఒకసారి తీసిన రక్తంతో ఇంటి బరువు ఇంత అని తేల్చే తక్కెడ లేదు.

మరి ఈ పరీక్షే దండగా? కాదు కాదు. ఇంకో కథ వినండి.

మాచర్ల వైపు పల్లెలో మాకు పిన్ని వరుసైన ఆవిడ ఉంది. ఏటా మిరపకాయల కాలంలో కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరటం, తొడిమలు తీయటం. దాంతో మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. ఎవరో ఇచ్చిన పొట్లం మాత్రలు వేసుకుంది. మంత్రం వేసినట్టు నొప్పి పోయింది. నెలల తరబడి వేసుకుంటూనే ఉంది. మొహం గుండ్రంగా నిండింది, పొట్ట పెరిగింది. చూసినవాళ్ళు "ఒళ్ళు చేశావే" అన్నారు. కూతురి పురుటికి ఊరు వెళ్తూ మాత్రలు మరిచిపోయింది. నాలుగోనాటికి వాంతులు, నీరసం, లేస్తే కళ్ళు తిరిగి పడిపోవటం. పెద్ద ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి డాక్టరమ్మ మొహం చూసి, రక్తపోటు చూసి, "ఏం మాత్రలు వాడుతున్నావమ్మా?" అని అడిగింది. కార్టిసాల్‌కు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను ఇచ్చింది. మనిషి దక్కింది. రిపోర్టు వచ్చాక చూస్తే కార్టిసాల్ దాదాపు అడుగంటి ఉంది.

ఏం జరిగిందంటే, ఆ పొట్లం మాత్రల్లో స్టెరాయిడు ఉంది. అది కార్టిసాల్‌కు చుట్టమే. ఈ కుటుంబానికి చెందిన కార్టిసోన్‌ని మొదటిసారి 1948లో అమెరికాలో హెంచ్ అనే డాక్టరు కీళ్ళవాతం రోగికి ఇస్తే లేవలేని మనిషి లేచి నడిచింది. హెంచ్‌కూ, కెండాల్, రైక్‌స్టైన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులకూ 1950లో నోబెల్ వచ్చింది. అంత మంచి మందు అది. ఉబ్బసంలో, కీళ్ళవాతంలో, ఎన్నో జబ్బుల్లో ప్రాణదాత. కాని బయటినుంచి రోజూ వస్తుంటే మన గ్రంథి పని మానేసి నిద్రపోతుంది. మాత్రలు హఠాత్తుగా ఆపితే అది వెంటనే మేలుకోలేదు. ఒంట్లో కార్టిసాల్ లేక మనిషి కూలబడిపోతుంది. అందుకే స్టెరాయిడు వాడేవాళ్ళు డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలే గాని, ఒక్కసారి మానకూడదు. పేరు తెలియని పొట్లం మాత్రలు అసలే వద్దు.

ఇక్కడ చూడండి. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకటే పరీక్ష. పిన్నిని "ఒళ్ళు చేశావు, హాయిగా ఉన్నావు" అన్నారు. ఆమె ఒంట్లో ప్రాణం మీదికి వచ్చే లోటు ఉంది. ఆ లోటును అంకె పట్టి ఇచ్చింది. పిల్లలు గలమ్మాయిని "రిపోర్టు బాగుంది, నీకేం లేదు" అన్నారు. ఆమె కష్టం కళ్ళెదుట కనపడుతూనే ఉంది. దాన్ని అంకె పట్టలేదు, పట్టగలిగే అంకె కూడా కాదది. ఈ పరీక్ష ఉన్నది అడ్రినల్ గ్రంథి జబ్బును తేల్చటానికి. ఒక మనిషి పడే బాధ నిజమా కాదా అని తీర్పు చెప్పటానికి కాదు.

చిన్న సెన్సరు వస్తే ఎవరికి మేలంటే, ముందుగా పిన్నిలాంటివాళ్ళకు. చిన్న ఊళ్ళలో ఇలాంటి రక్తం సీసాలో పోసి పట్నం ల్యాబుకు పంపితే రిపోర్టు తిరిగి రావటానికి ఒక రోజన్నా పడుతుంది. మంచం పక్కనే కాసేపట్లో తెలిస్తే డాక్టరుకు ఎంతో ఆసరా. అట్లాగే రోజులో నాలుగైదుసార్లు కొలవగలిగితే ఒక్క అంకె బదులు ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. ఆ రోజు రావాలని నాకూ ఉంది. వచ్చిన తర్వాత కూడా, ఎప్పుడు కొలిచాం, ఏ మందులు వాడుతున్నాం అన్న రెండు ప్రశ్నలు మాత్రం మనతోనే ఉంటాయి.

కాబట్టి మీరు గుర్తుంచుకోవలసినవి కొన్ని చెప్పి ముగిస్తాను. డాక్టరు కార్టిసాల్ పరీక్ష రాస్తే ఏ వేళకు రక్తం ఇవ్వాలో అడగండి, ఇచ్చిన వేళ కాగితం మీద రాయించండి. మీరు వాడే మాత్రలే కాదు, పూతమందులూ, ఉబ్బసానికి పీల్చే మందులూ, మోకాలికి చేయించుకున్న ఇంజెక్షనూ, గర్భనిరోధక మాత్రలూ అన్నీ చెప్పండి. మొహం గుండ్రంగా ఉబ్బి, కాళ్ళూ చేతులూ సన్నబడి, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చి, చిన్న తాకిడికే ఒళ్ళు కమిలిపోతుంటే కార్టిసాల్ ఎక్కువైందేమో చూపించుకోవాలి. రోజురోజుకూ నీరసించి, బరువు తగ్గి, చిగుళ్ళూ అరచేతి గీతలూ నల్లబడి, ఉప్పు తినాలనిపిస్తూ, లేస్తే కళ్ళు తిరుగుతుంటే తక్కువైందేమో చూపించుకోవాలి. మన దేశంలో క్షయ కూడా ఈ గ్రంథులను పాడుచేస్తుంది. ఇలాంటివి ఉన్నప్పుడు "టెన్షను వల్లే" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి.

ఇవేవీ లేకుండా, నిద్ర రాక, ఏడుపు ఆగక, దేనిమీదా మనసు నిలవక రెండు వారాలు దాటిందంటే, దానికి హార్మోను పరీక్ష అక్కర్లేదు. డాక్టరు దగ్గర కూర్చుని నోరు విప్పి చెప్పుకోవాలి. బతుకు మీద విరక్తి కలిగితే ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద పైసా ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఆ అమ్మాయికి నేనేం చెప్పానంటారా? "నీది నటన కాదమ్మా. ఈ కాగితం నీ గ్రంథి గురించి కూడా సరిగ్గా చెప్పలేకపోయింది, నీ గురించి ఏం చెబుతుంది? మీ ఆయన్ని ఒక్క వారం రాత్రిపూట మామయ్యగారి దగ్గర పడుకోమను. నువ్వు డాక్టరుకు చూపించుకో" అన్నాను. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పటానికి వెనకాడితే, నేనే వెళ్ళి చెప్పి వచ్చాను. ఆయన చెడ్డవాడేం కాదు, కాగితాన్ని నమ్మాడంతే. ఇప్పుడు రాత్రుళ్ళు వంతులు వేసుకున్నారు. డాక్టరు చూసి, రక్తం బాగా తగ్గిందని ఐరన్ మాత్రలు రాశారు. తలనొప్పి పూర్తిగా పోలేదు గాని, అమ్మాయి మొహంలో కళ వచ్చింది.

మీ ఇంట్లో ఎవరైనా "నాకు బాగా లేదు" అంటే, ముందు ఆ మాట వినండి. రిపోర్టు తర్వాత చూద్దురు గాని.